నక్షా గీసినవారి ధర్మం, ఇంటివారి ఫలం

ఇల్లు కట్టించేవారికీ ఆర్కిటెక్టుకూ మధ్య కోర్టుకెక్కే తగాదాలు పైకి డబ్బు తగాదాల్లాగే ఉంటాయి. ఫీజు బాకీ ఉందని ఒకరంటారు, ఖర్చు ఎస్టిమేటును దాటిపోయిందని ఇంకొకరంటారు. స్లాబు కారుతోందని ఇంటివారి ఫిర్యాదు, తన డిజైనును అడగకుండా మార్చేశారని ఆర్కిటెక్టు ఫిర్యాదు. వాదాలు ఎన్ని రకాలైనా అడుగున ఉండే ప్రశ్నలు మూడే. ఒకరి బతుకు కోసం మరొకరు ఆలోచించి పెట్టినప్పుడు ఆ ఆలోచన ఫలం ఎవరికి చెందుతుంది? అది బాగా కుదిరిందో లేదో తేల్చే హక్కు ఎవరిది? కుదరకపోతే దోషం ఎవరి నెత్తిన పడుతుంది?

మామూలు కొనుగోళ్ళలో ఈ ప్రశ్నలు ఇంత గట్టిగా ఎదురుకావు. బియ్యం కొనేవారు గింజ నోట వేసుకుని చూసి కొంటారు. ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్ళేవారు మాత్రం ఇంకా లేని ఇంటికి డబ్బు కడతారు. కాగితం మీది గీతల్ని గదులుగా, వెలుతురుగా, ఉక్కపోతగా చదవడం వారికి రాదు. ఇల్లు ఎలా ఉంటుందో తెలిసేసరికి కాంక్రీటు గట్టిపడి ఉంటుంది. తెలిసినవారు, తెలియనివారు ఒకే ఒప్పందంలో చేరడమే ఈ తగాదాలకు మూలం. కాబట్టి ఇక్కడ ధర్మవిచారం నేర్పు దగ్గర ఆగదు. తెలిసినవారు తెలియనివారికి ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్న దగ్గరికి వెళ్తుంది.

పాత శాసనాల తీర్పు

ఈ విషయంలో దొరికే అతి పాత శాసనాల్లో బాబిలోనియా రాజు హమ్మురాబిది ఒకటి. అది క్రీ.పూ. 18వ శతాబ్దానిది. అందులో 228వ నిబంధన ఇల్లు కట్టినందుకు ఒక్కో సార్ వైశాల్యానికి రెండు షెకెళ్ళ వెండి ప్రతిఫలంగా నిర్ణయించింది. వెంటనే వచ్చే నిబంధన ప్రకారం ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష. యజమాని కొడుకు చనిపోతే కట్టినవాడి కొడుకును చంపాలి. గోడ ఒరిగితే కట్టినవాడే సొంత ఖర్చుతో నిలబెట్టాలని 233వ నిబంధన. గీసేవాడూ కట్టేవాడూ ఒక్కడే అయిన కాలమది. అతను శ్రద్ధగా చేశాడా, నేల మెత్తనిదని ముందే హెచ్చరించాడా అని శాసనం అడగదు. ఇల్లు కూలిందా లేదా అన్నదే దానికి కావాలి.

కౌటిల్యుని అర్థశాస్త్రం వేరే దారి పట్టింది. చేతిపనివారి గురించి చెప్పే నాలుగో అధికరణంలో పని, చోటు, గడువు ముందే నిర్ణయించుకోవాలని నియమం ఉంది. గడువు దాటితే కూలిలో నాలుగో వంతు కోత, ఆపైన జరిమానా. చెప్పినదానికి భిన్నంగా చేస్తే కూలి మొత్తం పోతుంది, దానికి రెట్టింపు దండుగ. ఆపద వచ్చిపడితే మినహాయింపు ఉంది. హమ్మురాబి శాసనం ఫలాన్ని కొలిస్తే, అర్థశాస్త్రం ఇచ్చిన మాటను కొలిచింది. ఏం అనుకున్నారో తేలితే తప్ప ఏం తప్పారో తేలదు. నేటి కాంట్రాక్టు చట్టాలు ఎక్కువగా ఈ రెండో దారిలోనే నడుస్తున్నాయి.

యజమాని, ఋత్విక్కు

ఫలం ఎవరిదన్న ప్రశ్నను భారతీయ ఆలోచనలో అందరికన్నా పట్టుగా చర్చించినవారు, యజ్ఞకర్మల విధులను విచారించే మీమాంసకులు. యజ్ఞంలో చేతులాడించేది ఋత్విక్కులు, స్వర్గం మాత్రం యజమానిది. ఇదెలా కుదురుతుందని జైమిని సూత్రాల మూడో అధ్యాయంలో విచారణ సాగుతుంది. అక్కడ తేలినది ఇది: కర్మ చేయించడానికి పూనుకున్నవాడే కర్త, దక్షిణ ఇవ్వడం వల్ల ఋత్విక్కుల పని అతని పనే అవుతుంది, కాబట్టి ఫలమూ అతనిదే. ఋత్విక్కులు నోటితో కోరే ఆశీస్సు సైతం యజమానికే చెందుతుందని బ్రాహ్మణ గ్రంథాలు చెబుతాయి. ఇదే విషయం బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం చివరి పాదంలో ఆత్రేయుడు, ఔడులోమి అనే ఆచార్యుల మతాల చర్చగా మళ్ళీ వస్తుంది.

ఈ సిద్ధాంతానికి రెండో ముఖం కూడా ఉంది. ఫలం యజమానిదైతే నష్టమూ అతనిదే. యజ్ఞం చెడితే దాని వెంట యజమానీ చెడతాడని ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయం చెబుతుంది. తప్పు చేసేది ఒకరు, అనుభవించేది మరొకరు. అందుకే యజ్ఞవ్యవస్థలో బ్రహ్మ అనే ఋత్విక్కును పెట్టారు. అతను ఎక్కువ సేపు మౌనంగా కూర్చుని మిగిలినవారి పనిని గమనిస్తాడు. మంత్రంలోనో క్రియలోనో పొరపాటు జరిగితే ప్రాయశ్చిత్తం చేయిస్తాడు. ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి దక్షిణ ఎందుకన్న ప్రశ్న ఐతరేయ బ్రాహ్మణంలోనే వచ్చింది. అతను యజ్ఞానికి వైద్యుడన్నది అక్కడి సమాధానం. సైటుకు వచ్చి చూసి వెళ్ళినందుకు ఫీజేమిటని ఆర్కిటెక్టును నిలదీసేవారి ప్రశ్న కూడా ఇదే. పర్యవేక్షణకు ఇచ్చే డబ్బు తప్పును పట్టుకోవడానికి ఇచ్చేది. ఆ డబ్బు పుచ్చుకున్నవారు తప్పును పట్టుకోకపోతే నాకు తెలియదనే వీలు లేదు.

యజ్ఞవేదిక కొలతలో ఇంకో సంగతి ఉంది. అగ్నిచయనంలో ఇటుకలతో పేర్చే డేగ ఆకారపు చితికి, వేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాలు ఏడున్నర చదరపు పురుషల వైశాల్యం చెప్పాయి. పురుష అంటే చేతులు పైకెత్తి నిలబడిన యజమాని ఎత్తు. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది పాటించే ఆపస్తంబ సంప్రదాయంలోనూ కొలత ఇదే. ఆకారం శాస్త్రం నిర్ణయించింది, దాన్ని మార్చే అధికారం యజమానికి లేదు. కొలబద్ద మాత్రం అతని ఒళ్ళే. శాస్త్రం తెలిసినవారి అధికారానికీ, అనుభవించేవారి అవసరానికీ ఇంత సూటిగా హద్దు గీసిన ఏర్పాటు అరుదు.

ఫాక్స్ నది ఒడ్డున అద్దాల ఇల్లు

ఆ హద్దు చెరిగిపోతే ఏమవుతుందో ఇరవయ్యో శతాబ్దపు ఒక ప్రసిద్ధ దావా చూపుతుంది. ఎడిత్ ఫార్న్‌స్‌వర్త్ చికాగోలో మూత్రపిండాల వైద్యురాలు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్లేనో ఊరి దగ్గర, ఫాక్స్ నది ఒడ్డున, సెలవు రోజుల్లో ఉండేందుకు చిన్న ఇల్లు కావాలనుకున్నారు. 1945లో ఒక విందులో జర్మనీ నుంచి వలస వచ్చిన ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రోహ్‌తో పరిచయమైంది. ఆయన ఆఫీసులో కుర్రవాళ్ళెవరైనా గీసిపెడతారా అని ఆమె అడిగితే తానే చేస్తానని ఆయన ముందుకొచ్చారు. 1947లో ఆ ఇంటి నమూనాను న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ప్రదర్శించారు. 1949లో పని మొదలై 1951లో పూర్తయింది.

తెల్ల రంగు వేసిన ఎనిమిది ఉక్కు స్తంభాలు, నేలకు ఐదడుగుల పైన తేలుతున్నట్టున్న పలక, నాలుగు వైపులా అద్దం. లోపల గదులంటూ లేవు. స్నానాల గదులు, వంటపని సరంజామా ఇమిడిన చెక్క దిమ్మె ఒకటి మధ్యలో ఉంటుంది. వాస్తుకళా చరిత్రలో ఆ ఇంటికి పెద్ద పీట. అందులో ఉన్న మనిషి అనుభవం వేరు. ఎండాకాలం ఎండ లోపలే నిలిచేది, చలికాలం అద్దాల మీద నీరు పట్టేది, రాత్రి దీపం వేస్తే దోమలూ పురుగులూ అద్దాల చుట్టూ మూగేవి. చెత్తబుట్టను ఎక్కడ పెట్టినా అది బయటివారికి కనబడేదే. దుస్తులు పెట్టుకునే బీరువా కావాలంటే దానిమీద వాదం నడిచింది. బీరువా ఎత్తు పెరిగితే లోపలి చూపు తెగిపోతుందని ఆర్కిటెక్టు పక్షం, ఆరడుగుల మనిషికి ఆ ఎత్తు చాలదని ఆమె పక్షం. ఆపస్తంబుని చితికి యజమాని ఒళ్ళు కొలబద్ద అయితే, ఇక్కడ చూపురేఖ కొలబద్ద అయింది.

ఇద్దరి మధ్య రాతపూర్వక ఒప్పందం లేదు. 40 వేల డాలర్లలో ముగుస్తుందని అనుకున్నానన్నది ఆమె వాదన. చివరి లెక్క సుమారు 74 వేలకు చేరింది. 1951లో తనకు దాదాపు 28 వేల డాలర్లు రావాలని మీస్ దావా వేశారు. తననే మోసగించారంటూ ఆమె దాదాపు 33 వేలకు ఎదురు దావా వేశారు. 1952లో విచారణ జరిగింది. కోర్టు తరఫున సాక్ష్యం విన్న అధికారి (స్పెషల్ మాస్టర్) మీస్ వైపు మొగ్గారు. తర్వాత కొన్నేళ్ళకు చిన్న మొత్తంతో రాజీ కుదిరింది. 1954లో నది పొంగి ఇంట్లోకి వచ్చింది, 1996 వరదలో అద్దం కూడా పగిలింది. ఆమె 1972లో ఇల్లు అమ్మేశారు. 2003లో వేలంలో పరిరక్షణ సంస్థలు దాన్ని కొన్నాయి. 2021 నుంచి అది ఎడిత్ ఫార్న్‌స్‌వర్త్ హౌస్ పేరుతో ఉంది.

కోర్టులో వాదం నడిచింది ఫీజు, ఖర్చుల మీద. ఇల్లు ఇల్లులా ఉందా అన్నది తేల్చలేదు, తేల్చే సాధనం కోర్టు దగ్గర లేదు. ఇక్కడ యజమాని సంకల్పం మాటల్లోకి రాలేదు, దక్షిణ ఎంతో తేలలేదు, పని మాత్రం ఆరేళ్ళు నడిచింది. మీస్ నేర్పు కాదు ఇక్కడి అసలు సమస్య. కళాకారుడి సంకల్పం యజమాని సంకల్పం స్థానంలో కూర్చుందన్న సంగతి ఇద్దరిలో ఎవరూ మొదట్లోనే బయటికి చెప్పలేదు. ఆమె వైపూ లోటుంది. నమూనా మ్యూజియంలో ఉన్నప్పుడే అద్దాల గోడలు ఆమెకు కనబడ్డాయి. గొప్ప కళాఖండానికి యజమానురాలు కావాలన్న ఇష్టం, అందులో హాయిగా ఉండాలన్న కోరిక రెండూ ఒకేచోట పొసగుతాయా అని ఆమె తనను తాను అడగవలసిన సమయం అదే.

తీర్పరి ఎవరు

అరిస్టాటిల్ రాజనీతి గ్రంథం మూడో భాగంలో ఒక వాదం చేశాడు. కొన్ని పనుల్లో చేసినవాడు ఒక్కడే తీర్పరి కాడు, అత్యుత్తమ తీర్పరీ కాడు. ఇంటి మంచిచెడ్డలు కట్టినవాడికన్నా అందులో ఉండేవాడికి బాగా తెలుస్తాయి. విందు ఎలా ఉందో వంటవాడికన్నా తిన్నవాడే చెప్పగలడు. ఈ లెక్కన ఫార్న్‌స్‌వర్త్ ఫిర్యాదే ఆ ఇంటిమీద సరైన తీర్పు.

అయితే ఈ వాదానికి ఒక హద్దుంది. నివసించేవారు ఉక్కపోత చెప్పగలరు, పునాదిలో ఇనుము చాలిందో లేదో చెప్పలేరు. కూలే ఇల్లు కూలే రోజు వరకు హాయిగానే ఉంటుంది. కాబట్టి తీర్పు రెండుగా చీలుతుంది. సుఖం విషయంలో నివాసి మాటే చెల్లాలి, భద్రత విషయంలో శాస్త్రం తెలిసినవారి మాట చెల్లాలి. తగాదాల్లో ఎక్కువ భాగం ఒకరి పరిధిలోకి ఇంకొకరు వెళ్ళడం వల్ల వచ్చేవే. స్తంభం అడ్డంగా ఉంది తీసేయమనే ఇంటివారిది ఒక అతిక్రమణ, బీరువా ఎత్తు తగ్గించుకోమనే ఆర్కిటెక్టుది మరో అతిక్రమణ.

ప్రయత్నమా, ఫలమా

ఆర్కిటెక్టు అమ్మేది శ్రద్ధతో కూడిన ప్రయత్నమా, లేక నిలిచే ఇల్లా? భారత సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో వృత్తినిపుణుల బాధ్యతను వివరిస్తూ వైద్యులు, న్యాయవాదులతో పాటు ఆర్కిటెక్టులనూ ప్రస్తావించింది. నిపుణుడు ఫలితానికి హామీ ఇవ్వడు, ఆ విద్య తనకు వచ్చని, దాన్ని తగిన శ్రద్ధతో వాడతానని మాత్రమే హామీ ఇస్తాడన్నది అక్కడి సూత్రం. గీత రెండో అధ్యాయంలోని కర్మఫల బోధను ఇక్కడ అడ్డం పెట్టుకోవడం తేలిక: పని నాది, ఫలం నా చేతిలో లేదు. అది పొరపాటు అన్వయం. ఆ బోధ ఫలం మీది ఆశను వదలమంటుంది, ఫలానికి కావలసిన జాగ్రత్తను వదలమనదు. పైగా అక్కడ వదులుకునేది తన ఫలాన్ని. ఇతరుల ఫలాన్ని వారి తరఫున వదిలేసే అధికారం ఎవరికీ లేదు.

ఇంగ్లండు అప్పీలు కోర్టు 1975లో గ్రీవ్స్ కేసులో మరో అడుగు ముందుకు వేసింది. నూనె డ్రమ్ములు నిలవ ఉంచే గోదాముకు ఇంజినీర్లు డిజైను ఇచ్చారు. పై అంతస్తులో ఫోర్క్‌లిఫ్ట్ బండ్లు తిరుగుతాయని వారికి ముందే చెప్పారు. బండ్లు తిరిగేసరికి కంపనానికి నేల పగిలింది. శస్త్రవైద్యుడు రోగం నయమవుతుందని హామీ ఇవ్వడు, కట్టుడు పళ్ళు చేసే దంతవైద్యుడు మాత్రం అవి నోటికి సరిపోతాయని హామీ ఇచ్చినట్టే అని లార్డ్ డెనింగ్ తేడా చూపారు. ఏ పనికో తెలిసి గీశారు కాబట్టి ఆ ఇంజినీర్లు ఆ పనికి సరిపోయేలా గీస్తామని ఒప్పుకున్నట్టే అని కోర్టు తేల్చింది. ఇక్కడ తీర్పును నిర్ణయించింది ముందుగా చెప్పిన మాట. యజ్ఞానికి ముందు యజమాని సంకల్పం చెప్పినట్టు, ఇల్లు కట్టించేవారు తమ అవసరాన్ని స్పష్టంగా చెబితే ప్రయత్నం కాస్తా ఫలానికి హామీగా మారవచ్చు. మోకాళ్ళ నొప్పుల తల్లి కింది గదిలోనే ఉండాలని, పైన మరో అంతస్తు తర్వాత వేస్తామని చెప్పి గీయించుకున్న ప్లానుకూ, ఏమీ చెప్పకుండా గీయించుకున్న ప్లానుకూ బాధ్యతలో తేడా ఉండేది ఇందుకే.

ఒప్పందమే లేనప్పుడు దక్షిణ మాటేమిటి? 1872 భారత కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ దీనికి జవాబు. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా ఇంకొకరికి పని చేసిపెడితే, ఆ మేలు అనుభవించినవారు ప్రతిఫలం ఇవ్వాలి. బంధువు కొడుకు కదా, స్నేహితుడు కదా అని ప్లాను గీయించుకుని ఇల్లు కట్టేసుకున్నవారికి ఈ సెక్షన్ వర్తించే అవకాశం ఉంది. ఫలం యజమానిదే, కానీ దక్షిణ లేని ఫలం లేదు.

ఆకృతి ఎవరి సొత్తు

ఫలం ఇంటివారిది అన్నంత మాత్రాన ఆకృతి కూడా వారిదైపోదు. 1957 భారత కాపీరైటు చట్టం వాస్తుకృతిని కళాకృతుల్లో చేర్చింది. అయితే రక్షణ కళాత్మక రూపానికే, కట్టే పద్ధతికి కాదు. కట్టడం మొదలయ్యాక దాన్ని ఆపమనో కూల్చమనో కాపీరైటు యజమాని కోరలేడని 59వ సెక్షన్ చెబుతుంది. నష్టపరిహారం అడగవచ్చు, తలమీది కప్పును తీయించలేడు.

డబ్బు కట్టిన ప్లానును కొత్త యజమాని వాడుకోవచ్చా? 1970ల మొదట్లో ఇంగ్లండులో దీనిమీద రెండు తీర్పులు వచ్చాయి. బ్లెయిర్ కేసులో దంపతులిద్దరు పెరట్లో రెండు ఇళ్ళకు ప్లాను గీయించి, అనుమతి తెచ్చుకుని, ఫీజు చెల్లించి, ఆ స్థలం అమ్మేశారు. కొన్నవారు అదే ప్లానుతో కట్టుకోవడం తప్పు కాదన్నారు. స్టోవిన్-బ్రాడ్‌ఫర్డ్ కేసులో ఆర్కిటెక్టు అనుమతి కోసం నామమాత్రపు ఫీజుకే గీసిచ్చాడు. ఆ డిజైనును భవనానికి వాడుకునే హక్కు ఆ కాస్త డబ్బుతో రాదన్నారు. దక్షిణ ఎంత ఇస్తే అంత ఫలం అన్న న్యాయం రెండింటా పనిచేసింది.

దీనికన్నా పెద్ద చిక్కుముడి ఢిల్లీలో వచ్చింది. ప్రగతి మైదాన్‌లో 1972లో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017 ఏప్రిల్‌లో కూల్చారు. దాని ఆర్కిటెక్టు రాజ్ రేవల్, కర్తకు కృతిమీద ఉండే ప్రత్యేక హక్కును ఆధారం చేసుకుని కోర్టుకు వెళ్ళారు. 2019లో ఢిల్లీ హైకోర్టు ఆయన వాదాన్ని ఒప్పుకోలేదు. కృతిని వికృతం చేస్తే కర్త పేరుకు మచ్చ, పూర్తిగా తీసేస్తే కనబడేదే లేదు కాబట్టి మచ్చ లేదన్నది ఒక కారణం. నేలమీద యజమాని హక్కు బలమైనదన్నది మరో కారణం. కొంచెం పాడుచేయడం తప్పు, మొత్తం నాశనం తప్పు కాదు అనడం వినడానికి వింతగా ఉంటుంది. అయినా ఇల్లు చూడటానికే ఉన్న వస్తువు కాదన్న గుర్తింపు అందులో ఉంది. కవి తన కావ్యాన్ని ఎవరి నెత్తిమీదా నిలబెట్టడు. ఆర్కిటెక్టు కృతి కింద మనుషులు బతుకుతారు. వారి బతుకు మారితే గోడ మారక తప్పదు.

వాస్తు, పొరుగు

తెలుగు రాష్ట్రాల్లో ఈ సంబంధంలోకి మూడో మనిషి తరచూ వస్తాడు. ప్లాను ఖాయమై, పునాది తవ్వాక, ఈశాన్యంలో మెట్లు కూడవని సిద్ధాంతి చెబుతాడు. మళ్ళీ గీయాలి, తవ్వినది పూడ్చాలి. ఆ ఖర్చు ఎవరిది? విశ్వాసం ఇంటివారిది కాబట్టి దాని ధరా వారిదే. కానీ అడిగే బాధ్యత ఆర్కిటెక్టుది: ఇంట్లో వాస్తు పట్టింపు ఉందా, చూపించేవారుంటే గీత గీయకముందే చూపించండి అని. విశ్వాసాన్ని వెక్కిరించడం సులువు. నివాసి మనశ్శాంతి కూడా నివాసి సుఖంలో భాగమే, దాని మీద తీర్పరి నివాసే.

ఇంకో మూడో పక్షం పొరుగువారు. మంజూరుకు ఒక ప్లాను, కట్టడానికి ఇంకో ప్లాను అన్న అలవాటులో ఇంటివారు, ఆర్కిటెక్టు ఇద్దరూ ఒక్కటైపోతారు. వదలాల్సిన ఖాళీ వదలకపోతే గాలి తగ్గేది పక్కింటికి. ఇళ్ళ తగాదాలను చుట్టుపక్కలవారి సాక్ష్యంతో తేల్చాలని అర్థశాస్త్రం మూడో అధికరణం చెప్పడంలో న్యాయం ఉంది. ఇద్దరి మధ్య ఒప్పందం మూడోవారికి చేసే అన్యాయాన్ని ధర్మంగా మార్చలేదు.

ముందు చెప్పాల్సిన మాట

1804 ఫ్రెంచి సివిల్ కోడ్ ఈ తర్కాన్ని రెండు అధికరణాల్లో ఇమిడ్చింది. 1792వ అధికరణం కట్టడం దోషాలకు ఆర్కిటెక్టునూ కట్టినవారినీ పదేళ్ళు బాధ్యుల్ని చేసింది. 1793వది మొత్తానికి ఇంత అని మాట్లాడుకున్న పనిలో, మార్పుకు యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుని ధర ఖాయం చేసుకుంటే తప్ప అదనపు డబ్బు అడగరాదంది. మొదటిది ఫలం వైపు బాధ్యత, రెండోది మాట వైపు బాధ్యత. రెండూ కలిస్తేనే న్యాయం నిండుతుంది.

భారతదేశంలో 1972 ఆర్కిటెక్టుల చట్టం ఆ బిరుదును రిజిస్టరైనవారికే పరిమితం చేసింది. ప్లాను గీసే పనిని వారికే పరిమితం చేయలేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. అంటే ఇంటి ప్లాను గీసేవారిలో వృత్తినియమాలకు కట్టుబడినవారూ ఉన్నారు, లేనివారూ ఉన్నారు. నియమావళి లేనిచోట ఒప్పందంలోని మాటే ప్రధాన రక్షణ.

ఆ మాటలో రెండు వైపులా బాధ్యత ఉంది. ఇంటివారు చెప్పాల్సింది సంకల్పం: ఎవరెవరు ఉంటారు, ఎలా బతుకుతారు, ఎంత పెట్టగలరు, ఏది లేకపోయినా సరిపెట్టుకుంటారు. ఆర్కిటెక్టు చెప్పాల్సింది తనకు మాత్రమే తెలిసినది: ఖర్చు ఎక్కడ పెరగవచ్చు, ఏ అందం ఏ అసౌకర్యాన్ని తెస్తుంది, తనకు ఇష్టమైనది ఏది, ఇంటివారికి అవసరమైనది ఏది. చివరిది చెప్పడం అన్నిటికన్నా కష్టం. తన కళకోసం ఇంకొకరి డబ్బు వాడుతున్నానని ఒప్పుకోవడం అందులో ఉంది. దాన్ని ముందుగా చెప్పి, విన్నవారు సరేనంటే, అద్దాల ఇల్లు కట్టినా అధర్మం లేదు. చెప్పకుండా కడితే, కోర్టులో గెలిచినా ఆ దోషం పోదు.